బరంపురంలో ఎలేన్ జీన్ పరీక్ష: సూదికి మార్కులు, కౌంటరుకి చీవాట్లు

ఈ సెంటరుకి ఐదుకి మూడు మార్కులు. రక్తం తీసే గదికి నాలుగున్నర ఇవ్వొచ్చు, బిల్లింగ్ కౌంటరుకి ఒకటిన్నర మించి రాదు. సగటు అలా తేలింది.

పెద్ద ల్యాబుల తరఫున శాంపిల్ తీసి బయటి ఊళ్లకు పంపే కలెక్షన్ సెంటర్ ఇది. పేరు రాయడం లేదు. ఒడిశాలోని ఈ బరంపురంలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి, కింద చెప్పేది వాటిలో చాలావాటికి పనికొస్తుంది. పర్లాకిమిడి, గునుపురం నుంచీ, సరిహద్దు దాటి ఇచ్ఛాపురం నుంచీ పిల్లల్ని ఎత్తుకుని మనవాళ్లు వచ్చేది ఇలాంటి చోటికే. పిల్లాడికి మాటిమాటికీ జ్వరం, నోటిపూత, చిగుళ్ల వాపు, చర్మం మీద చీముగడ్డలు. సీబీసీలో (రక్తకణాల లెక్క) న్యూట్రోఫిల్స్, అంటే క్రిముల్ని చంపే తెల్లకణాలు, అడుగంటి ఉంటాయి. డాక్టరు చీటీ మీద ఈ ఎల్ ఏ ఎన్ ఈ అని ఐదక్షరాలు రాస్తారు, అంటే ఎలేన్ జీన్ పరీక్ష. తిప్పలు అక్కడే మొదలు.

మొదటి చిక్కు పేరుతోనే. ఎలేన్ జీన్ తయారుచేయించే ఎంజైము న్యూట్రోఫిల్ ఎలాస్టేజ్. కౌంటరులోని కంప్యూటర్లో 'ఎలాస్టేజ్' అని కొడితే ముందు తగిలేది మలంలో చూసే పాంక్రియాటిక్ ఎలాస్టేజ్. అది క్లోమం తయారుచేసే వేరే ఎంజైము, వేరే జీన్లది. "అమ్మా, రేపు పొద్దున్న ఈ డబ్బాలో పట్టుకు రండి" అని చేతిలో మలం డబ్బా పెట్టి పంపిస్తే, ఒక రోజూ ఒక బిల్లూ వృథా. తమాషా ఏమిటంటే, ఆ పరీక్షను కూడా డాక్టరే రాసే సందర్భం ఒకటుంది. న్యూట్రోఫిల్స్ తక్కువగా ఉండి, విరేచనం జిడ్డుగా అవుతూ, ఎదుగుదల ఆగిన పిల్లల్లో ష్వాక్‌మన్-డైమండ్ సిండ్రోమ్ అనుమానం వస్తే రెండూ కావాలి. కాబట్టి చీటీలో ఏముందో డాక్టరుని ఒకసారి అడిగి, బిల్లులో టెస్టు పేరు పక్కన శాంపిల్ రకం 'ఈడీటీఏ రక్తం' (గడ్డకట్టకుండా ఈడీటీఏ కలిపిన రక్తం) అని ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి.

రెండో పొరపాటు వివరణలో. "ఎంజైము తక్కువైంది, అందుకే కణాలు తగ్గాయి" అని చెప్పి పంపిస్తున్నారు. విషయం దాదాపు తలకిందులు. 19వ క్రోమోజోము పొట్టి కొమ్మ చివర, 19పి13.3 దగ్గర, ఐదే ఎక్సాన్లు (ప్రోటీన్ రాత ఉండే ముక్కలు) ఉన్న చిన్న జీన్ ఇది. ఎముక మజ్జలో న్యూట్రోఫిల్ ఇంకా ప్రోమైలోసైట్ అనే తొలి దశలో ఉండగానే ఈ ఎంజైము తయారై కణంలోని అజురోఫిల్ రేణువులనే చిన్న సంచుల్లో చేరుతుంది. తర్వాత ఆ కణం మింగిన క్రిమి ప్రోటీన్లను కోసేది ఇదే. జబ్బు రావడానికి జీన్ రెండు కాపీల్లో ఒకదాంట్లో మార్పు ఉన్నా చాలు. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ప్రకారం, ప్రోటీన్ సరిగా మడతపడక కణంలో ఒత్తిడి పెరిగి, కణం ఎదగకముందే చచ్చిపోతుంది. ఈ జీన్‌ను పూర్తిగా తీసేసిన ఎలుకల్లో న్యూట్రోఫిల్స్ మామూలుగానే ఉంటాయి. అంటే నష్టం చేసేది ఎంజైము లేకపోవడం కాదు, చెడ్డది తయారవడం. రక్తంలో ఎలాస్టేజ్ ఎంతుందో కొలిచి ఈ జబ్బును తేల్చలేరు, జీన్ చదవాల్సిందే.

అయితే జీన్ దాకా వెళ్లేముందు చవకైన పని ఒకటుంది, ఈ సెంటర్ దాని ఊసే ఎత్తదు. వారానికి రెండు మూడుసార్లు చొప్పున ఆరు వారాలు సీబీసీ, డిఫరెన్షియల్ (తెల్లకణాల్లో ఏ రకం ఎంత శాతమో) తీయించాలి. ఎలేన్ మార్పుల వల్ల వచ్చే జబ్బులు రెండు, రెండూ న్యూట్రోపీనియాలే, అంటే న్యూట్రోఫిల్స్ తగ్గే జబ్బులు. సైక్లిక్ న్యూట్రోపీనియాలో సుమారు 21 రోజులకోసారి న్యూట్రోఫిల్స్ పడిపోయి, కొన్ని రోజులుండి, మళ్లీ లేస్తాయి. అవి పడ్డప్పుడు మోనోసైట్లనే ఇంకో రకం తెల్లకణాలు పెరగడం ఈ జబ్బును పట్టించే గుర్తు. పుట్టుకతో వచ్చే తీవ్ర న్యూట్రోపీనియాలో ఎప్పుడు చూసినా అడుగునే. ఒక్క రోజు సీబీసీ చూసి ఏది ఏదో చెప్పలేరు. న్యూట్రోఫిల్స్ పెంచే జీ-సీఎస్ఎఫ్ ఇంజెక్షన్లు మొదలయ్యాక తీస్తే ఆ లెక్క చెదిరిపోతుంది, అందుకని వీలైతే ముందే తీయించాలి. జీన్ పరీక్షకు మాత్రం ఆ ఇంజెక్షన్లు అడ్డం కాదు.

న్యూట్రోఫిల్స్ ఎన్నున్నాయో లెక్క ఇంట్లోనూ వేసుకోవచ్చు. మొత్తం తెల్లకణాలు 3,200, న్యూట్రోఫిల్స్ 12 శాతం అంటే 384. అయిదొందల లోపు ఉంటే తీవ్రమే. ఇక్కడొక మెలిక. స్లైడు మీద వంద కణాలే లెక్కపెట్టి 'న్యూట్రోఫిల్స్ 4 శాతం' అని రాస్తే, ఇంకోసారి లెక్కపెట్టినప్పుడు అది 2 కావచ్చు, 8 కావచ్చు. తక్కువగా ఉన్నప్పుడు రెండు వందల కణాలు లెక్కపెట్టమని అడగండి. ఇక్కడి టెక్నీషియన్ అడిగితే చేస్తాడు, అడక్కపోతే చేయడు. గజపతి, రాయగడ జిల్లాల వైపు నుంచి వచ్చే పిల్లలకు మలేరియా, టైఫాయిడ్, వైరల్ జ్వరం తర్వాత కూడా కణాలు తాత్కాలికంగా తగ్గుతాయి. పసిపిల్లల్లో ఆటోఇమ్యూన్ న్యూట్రోపీనియా చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. జ్వరం తగ్గిన మర్నాడే జీన్ ప్యాకేజీ అంటగట్టడం ఇక్కడి దురలవాటు.

రక్తం తీయడం మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. పిల్లలకు 23 గేజ్ బటర్‌ఫ్లై సూది, ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబు, రెండు మూడు మిల్లీలీటర్లు. తీసిన వెంటనే ట్యూబును ఎనిమిది పదిసార్లు మెల్లగా పైకీ కిందికీ తిప్పుతారు, ఊపరు. ట్యూబును వెలుతురుకు ఎత్తి వంచి, అంచున చిన్న గడ్డ జారుతోందేమో చూస్తారు. గడ్డ కనబడితే పారేసి మళ్లీ తీస్తారు, అదనంగా డబ్బు అడగరు. పేరు, పుట్టిన తేదీ, తీసిన టైము మంచం పక్కనే ట్యూబు మీద రాస్తారు. పచ్చ మూత హెపారిన్ ట్యూబు ముట్టుకోరు, ఎందుకంటే హెపారిన్, డీఎన్ఏ కాపీలు పెంచే పీసీఆర్‌ని అడ్డుకుంటుంది. ఈ మాత్రం చూసుకోని చోట్ల నుంచి 'శాంపిల్ తిరస్కరణ' మెసేజ్ వచ్చేసరికి తల్లిదండ్రులు ఊరు చేరిపోయి ఉంటారు.

ఫారం మళ్లీ నిరాశే. ఇంగ్లిషులోనూ ఒడియాలోనూ ఉంది, తెలుగులో లేదు. మనవాళ్లు సంతకం పెట్టేది దేనికో తెలియకుండానే పెడుతున్నారు. ఈమధ్య రక్తం ఎక్కించారా అనే గడి లేదు. ఎక్కించి ఉంటే దాత కణాల డీఎన్ఏ కలిసే అవకాశముంది, ఆ తేదీ ల్యాబుకి తెలియాలి. ఇంకో గడి లేకపోవడం మన వైపు మరీ పెద్ద లోటు: మేనరికమా, కాదా? ఎలేన్ జబ్బు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వస్తుంది, లేదా బిడ్డలో కొత్తగా పుడుతుంది. కానీ 1956లో స్వీడన్‌లో కోస్ట్‌మన్ వర్ణించిన కుటుంబాల జబ్బుకు మూలం హెచ్ఏఎక్స్1 అనే వేరే జీన్ అని 2007లో తేలింది. దానికి రెండు కాపీలూ చెడాలి. మేనమామకో, అత్త కొడుకుకో ఇచ్చిన ఇళ్లలో ఇలాంటివి బయటపడే అవకాశం ఎక్కువ. అలాంటి ఇంటి బిడ్డకు ఒక్క ఎలేన్ చూసి 'నెగెటివ్' అంటే ఆ మాటకు విలువ తక్కువ. చాలా జీన్లను కలిపి చూసే న్యూట్రోపీనియా ప్యానెల్ అడగాలి, అందులో హెచ్ఏఎక్స్1, జీ6పీసీ3 జీన్లు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

రవాణా ఫర్వాలేదు. ట్యూబు ఐసుకు నేరుగా తగలకుండా జెల్ ప్యాకుకూ దానికీ మధ్య దూది పెడతారు. రక్తాన్ని మంచులా గడ్డకట్టిస్తే ఎర్రకణాలు పగిలి శాంపిల్ పాడవుతుంది. శనివారం సాయంత్రం మాత్రం ఇవ్వొద్దు. ఆదివారమంతా డబ్బా అక్కడే ఉంటుంది, మే నెల ఎండలో జెల్ ఎంతసేపు చల్లగా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఒడియావాళ్ల రజ పండుగ రోజుల్లోనూ అంతే.

రిపోర్టు పీడీఎఫ్‌గా ఫోనుకొస్తుంది. చదివి చెప్పే జెనెటిక్ కౌన్సెలర్ ఇక్కడ లేరు, ఆ సంగతి డబ్బు కట్టించుకునేటప్పుడు చెప్పరు. ముందు చూడాల్సింది మార్పు పేరు కింద ఉన్న తరగతి: వ్యాధికారకం, బహుశా వ్యాధికారకం, అర్థం తేలనిది. మూడోదైతే దాని మీద నిర్ణయాలు తీసుకోకూడదు, తల్లిదండ్రుల రక్తం కూడా చూడాలి. నాలుగో ఇంట్రాన్ (ఎక్సాన్ల మధ్య ఉండే భాగం) మొదట్లో వచ్చే మార్పులు సైక్లిక్ జబ్బులో తరచూ కనబడతాయి కాబట్టి, ఎక్సాన్ల అంచులు కూడా చదివారో లేదో పద్ధతి భాగంలో వెతకండి. పాత కాగితాలతో పోల్చేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఈ జీన్ పాత పేరు ఈఎల్ఏ2. మార్పు ప్రోటీన్లో ఎక్కడుందో చెప్పే పాత అంకెలకూ ఇప్పటి అంకెలకూ 29 తేడా. తీవ్రమైన జబ్బుతో వచ్చే ఒకే మార్పును పాత పేపర్లలో గ్లైసిన్ 185 అనీ, ఇప్పటి రిపోర్టుల్లో గ్లైసిన్ 214 అనీ రాస్తారు. రెండు వేర్వేరు మార్పులనుకుని కంగారుపడ్డవాళ్లున్నారు.