నిటారు చరియా, విశాలమైన బయలా: కొండగొర్రెకు ఏది మేలు?

మెలితిరిగిన భారీ కొమ్ములను చూసి అడవి గొర్రెలన్నీ ఒకే తీరున బతుకుతాయని అనుకుంటాం గానీ, తోడేలు కనబడినప్పుడు అవి ఎటు పరుగెత్తుతాయో గమనిస్తే రెండు వేర్వేరు జీవన విధానాలు బయటపడతాయి. ఉత్తర అమెరికాలోని బిగ్‌హార్న్ గొర్రె దగ్గరలో ఉన్న రాతిచరియకు ఎక్కిపోతుంది. మధ్య ఆసియా పర్వతాల నుంచి లడఖ్ వరకు కనిపించే అర్గలి మాత్రం ఎత్తైన బయళ్లలో పరుగునే నమ్ముకుంటుంది. ఈ రెండింటిలో ఏది మేలైన రక్షణ అన్నది ఆ జంతువులను కాపాడాలనుకునేవారు తేల్చుకోవలసిన ప్రశ్న, ఎందుకంటే ఏ నేలను ముందుగా కాపాడాలన్నది దాని జవాబును బట్టే ఉంటుంది.

రెండింటి శరీరాలూ వాటి దారికి తగినట్టే ఉన్నాయి. బిగ్‌హార్న్‌ది పొట్టి కాళ్ల బలిష్ఠమైన దేహం. గిట్టల అంచు గట్టిగానూ లోపలి భాగం మెత్తగానూ ఉండడం వల్ల ఇరుకైన రాతి అంచు మీద కూడా దానికి పట్టు దొరుకుతుంది. అర్గలి అడవి గొర్రెలన్నిటిలోకీ పెద్దది, పొడవైన సన్నని కాళ్లు కలది. పామీర్ పీఠభూమిలోని దాని ఉపజాతికి, 13వ శతాబ్దంలో ఆ గొర్రెల గురించి రాసిన యాత్రికుడు మార్కో పోలో పేరునే 1841లో జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ బ్లిత్ పెట్టాడు; ఆ పొట్టేళ్ల కొమ్ము పొడవు 190 సెంటీమీటర్ల దాకా నమోదైంది. బిగ్‌హార్న్ కొమ్ములు అంత పొడవు కాకపోయినా, రెండూ కలిపి 14 కిలోల దాకా తూగుతాయి. అయితే కొమ్ములు ప్రధానంగా పొట్టేళ్ల మధ్య పోటీకి పనికివచ్చేవే గాని వేటజంతువును తప్పించుకోవడానికి కావు కనుక, మన తూకంలో వాటికి పెద్ద చోటు లేదు.

నిజమైన పరీక్ష పిల్లలు పుట్టే రోజుల్లో ఎదురవుతుంది. బిగ్‌హార్న్ తల్లులు ఈనే సమయానికి మంచి మేతను వదులుకొని, గడ్డి అంతంతమాత్రంగా ఉన్న చరియల్లో ఒంటరి చోటు చూసుకుంటాయి. పిల్లల బాధ్యత లేని పొట్టేళ్లు అదే కాలంలో మేలైన మేత ఉన్న చోట్లకు వెళ్లిపోతాయి. ఆకలిని భరించి అయినా తల్లి రాతిని ఎంచుకుంటుందంటే ఆ రక్షణ విలువ ఎంతటిదో తెలుస్తుంది. పరుగును నమ్ముకున్న అర్గలి తల్లులు సైతం పిల్లలతో ఉన్నప్పుడు పొట్టేళ్ల కంటే నిటారుగా ఉన్న వాలులనే ఇష్టపడతాయి. నా దృష్టిలో చరియ వైపు మొగ్గడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం అక్కరలేదు.

దీనికి నేటి పరిస్థితి మరొక కారణాన్ని జోడిస్తోంది. నిట్టనిలువు రాతిని మేత కోసం ఎవరూ కోరుకోరు; బయలునే అందరూ కోరుకుంటారు. లడఖ్‌లోని గ్యా-మిరూ అభయారణ్యంలో పెంపుడు మందలు మేతకు వచ్చినప్పుడు అర్గలులు గడ్డి తక్కువగా ఉన్న నిటారు వాలులకు తరలిపోయాయని 2007లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపించింది. మేతా పోయి, పరుగుకు అనువైన నేలా పోయాక పొడవైన కాళ్ల వల్ల ఒరిగేది తక్కువే.

అలాగని చరియ అన్ని ఆపదలనూ ఆపదు. తోడేలును నిలువరించే రాళ్లే మాటువేసే కొండసింహానికి (ప్యూమా అనే పెద్దపిల్లికి) మరుగునిస్తాయి. అంతకన్నా పెద్ద ముప్పు రోగం: పెంపుడు గొర్రెలు పెద్దగా జబ్బుపడకుండానే మోసే మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి బిగ్‌హార్న్ మందలో చేరితే న్యుమోనియాతో పెద్దవి చనిపోతాయి, ఆపైన కొన్నేళ్లపాటు పుట్టిన పిల్లలూ దక్కవు. చరియలను అంటిపెట్టుకొని దూరదూరంగా బతికే చిన్న మందలు అలా తుడిచిపెట్టుకుపోతే ఆ కొండ తిరిగి నిండడం కష్టం. కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా బిగ్‌హార్న్‌లు 1990లలో సుమారు వందకు పడిపోయాయి. ఖాళీ అయిన చోట్లకు గొర్రెలను తెచ్చి వదిలినా, అవి పచ్చిక వెంట వలస పోవడం నేర్చుకోవడానికి దశాబ్దాలు పట్టిందని 2018లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. ఆ విద్య పెద్దల వెంట నడిచి పిల్లలు నేర్చుకునేదే గాని పుట్టుకతో వచ్చేది కాదు.

కాబట్టి చరియే మేలన్న నా నిర్ణయానికి ఒక షరతు ఉంది: ఆ చరియకు చుట్టుపక్కల పెంపుడు గొర్రెలు ఉండకూడదు. అమెరికాలో ప్రభుత్వ భూముల మీద మేత అనుమతులిచ్చేటప్పుడు పాటించవలసిన మొదటి నియమం ఇదే. లడఖ్‌లో పని ఇంతకంటే కఠినమైనది, ఎందుకంటే ఛాంగ్‌థాంగ్ బయళ్ల మీద అర్గలి ఎంతగా ఆధారపడిందో, ఛాంగ్‌పా కాపరుల కుటుంబాలూ అంతగానే ఆధారపడ్డాయి. వారి సమ్మతితో, వారికి కలిగే నష్టాన్ని పూర్తిగా భర్తీ చేస్తూ, ఈనే కాలంలో కొన్ని లోయలనైనా మందలు రాకుండా విడిచిపెట్టే ఏర్పాటు జరగాలి; ఆ లోయలను ఎంచుకునేటప్పుడు గడ్డి బయలును మాత్రమే గాక, దానిని ఆనుకొని ఉన్న నిటారు వాలును కూడా కలిపి లెక్కలోకి తీసుకోవాలి.