పులస పేరు చెప్పి విలస: మ్యాచ్ పెల్లెట్ డబ్బాలు కొనేవాళ్లు జాగ్రత్త

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, కాకినాడ వైపు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ప్రాక్టీసు చేసేవాళ్లకు, పిల్లల చేత చేయిస్తున్న తల్లిదండ్రులకు ఈ హెచ్చరిక. మ్యాచ్ పెల్లెట్లని (పోటీల్లో వాడే చిన్న సీసపు గుళ్లు) చెప్పి సగం ధరకు ఒక లాటు పార్సిళ్లలో తిరుగుతోంది. 500 పెల్లెట్ల డబ్బా, పైన విదేశీ కంపెనీ ముద్ర, లోపల వేరే సరుకు. బిల్లు ఇవ్వరు. అమ్మేవాళ్ల పేరు వారానికొకటిగా మారుతోంది కాబట్టి సరుకును గుర్తుపట్టడమే మేలు.

బయటి దేశాల్లో రైఫిల్ వాళ్లు తుపాకిమందు తూచుకుని తూటాలు సొంతంగా నింపుకుంటారు. ఇక్కడ లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరం. ఎయిర్ రైఫిల్ వాళ్లకు ఆ అవసరమే లేదు. మనం చెయ్యగలిగిందల్లా పెల్లెట్లను ఏరుకోవడం. ఆ ఏరుకునే సరుకే కల్తీ అయితే ఎంత గురి ఉన్నా దండగ.

ముందు మూత తియ్యకుండా డబ్బా ఊపండి. అసలు డబ్బాలో మూత కింద స్పాంజి బిళ్ల ఉంటుంది, పెల్లెట్లు పెద్దగా కదలవు. ఈ లాటు గలగలమంటుంది. పెల్లెట్ తల సైజు (4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లు లాంటిది), బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్ కూడా ఉండాలి. వీటిలో స్టిక్కర్ గీకేసిన జిగురు మరక కనిపిస్తుంది. ఖాళీ డబ్బాలు ఏరి మళ్లీ నింపారన్నమాట.

తర్వాత నూనె. చెప్పాల్సిన అసలు సంగతి ఇక్కడే ఉంది. మన తీరంలో ఉప్పుగాలి, తేమ. అట్టపెట్టెల్లో, చెక్క బీరువాల్లో నెలల తరబడి ఉంటే సీసానికి సున్నం రాసినట్టు తెల్లటి పొడి పడుతుంది. అట్ట, చెక్క వదిలే ఆమ్లపు ఆవిరి దాన్ని ఇంకా తొందరపెడుతుంది. అలా పాడైన సరుకును మెషిన్ ఆయిల్లో దొర్లిస్తే నల్లగా నిగనిగలాడుతుంది, చూడ్డానికి కొత్తదే. నాలుగు పెల్లెట్లు తెల్ల కాగితం మీద పెట్టి పది నిమిషాలు ఆగండి. అసలు పెల్లెట్‌కు నూనె ఉన్నా పల్చటి పొరే, మరక దాదాపు పడదు. దీని కింద కాగితం తడిసిపోతుంది. గుడ్డతో తుడిచి భూతద్దంలో చూస్తే తోక (పెల్లెట్ వెనకవైపు బోలుగా ఉండే భాగం) లోపలి గుంటలో తెల్లపొడి ఇంకా అంటుకునే ఉంటుంది.

స్ప్రింగ్ రైఫిల్ ఉన్నవాళ్లు ఈ నూనె సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. పిస్టన్ గాలిని నొక్కినప్పుడు పుట్టే వేడికి నూనె మండుతుంది. చప్పుడు పెరుగుతుంది, గొట్టం చివర పొగ వస్తుంది, వేగం ఒక్కో షాటుకు ఒక్కోలా ఉంటుంది, సీలూ స్ప్రింగూ దెబ్బతింటాయి. పీసీపీలో (ముందే సిలిండర్‌లో నింపిన గాలితో పేలే రైఫిల్) అలా కాలదు గానీ, గొట్టంలో జిడ్డు చేరి దెబ్బ పడే చోటు జరుగుతూ పోతుంది.

ఇక తూకం. జేబు త్రాసు 0.01 గ్రాము వరకే చూపిస్తుంది. రైఫిల్ మ్యాచ్ పెల్లెట్ బరువు సుమారు 0.53 గ్రాములు, అంటే ఆ త్రాసుకు దాదాపు 2 శాతం తేడా కూడా సరిగా అందదు. తెలిసిన బంగారు కొట్లో మిల్లీగ్రాము త్రాసు ఉంటే బతిమాలుకోండి. ఏరకుండా చేతికొచ్చినవి 50 తీసి, జిడ్డు తుడిచి, ఒక్కొక్కటే తూచి రాసుకోండి. మంచి డబ్బాలో అన్నిటికంటే బరువైనదానికీ తేలికదానికీ తేడా మామూలుగా అయిదారు మిల్లీగ్రాములు. ఈ లాటులో అంకెలు రెండు కుప్పలుగా పడతాయి: 0.53 దగ్గర కొన్ని, 0.49 దగ్గర కొన్ని. తయారీ నాసిరకమైతే బరువులు అటూ ఇటూ చెదురుతాయే తప్ప రెండు కుప్పలు కావు. పిస్టల్ పెల్లెట్లు, రైఫిల్ పెల్లెట్లు లాంటి రెండు రకాలు కలిపేస్తే ఇలా వస్తుంది.

దాని నష్టం లెక్కగట్టొచ్చు. సెకనుకు 170 మీటర్ల చిల్లర వేగంతో పోయే పెల్లెట్ 10 మీటర్లలో సుమారు 17 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. బరువు 8 శాతం తగ్గితే వేగం 4 శాతం దాకా పెరిగి, దెబ్బ సుమారు 1.3 మిల్లీమీటర్లు పైకి పడుతుంది. టార్గెట్‌లో పది చుక్క వ్యాసం అర మిల్లీమీటరు, ఒక్కో రింగు వెడల్పు 2.5 మిల్లీమీటర్లు. సగం రింగు డబ్బాలోనే పోయింది. పిల్లవాడి ట్రిగ్గర్ తప్పని కోప్పడే ముందు ఈ సంగతి ఆలోచించండి.

త్రాసు దొరక్కపోతే అద్దం పలక చాలు. ఒక అంచు కింద సన్న పుస్తకం పెట్టి పెల్లెట్లను ఒకే చోటు నుంచి దొర్లించండి. తలకంటే తోక వెడల్పు కాబట్టి అవి నేరుగా పోవు, ఒంపు తిరుగుతాయి. మంచివన్నీ ఒకే ఒంపులో పోతాయి. తోక అంచు నొక్కుకుపోయినవి ఎగిరెగిరి పడతాయి, ఆ నొక్కు పక్క నుంచే గాలి కారుతుంది.

అమ్మేవాళ్లు డబ్బాతో పాటు ఒకే కన్నం పడిన టార్గెట్ కార్డు ఒకటి ఇస్తారు. అయిదు షాట్ల కార్డుతో ఏమీ తేలదు. ఎన్నో కార్డుల్లోంచి ఒకటి ఏరి పెట్టడం ఎంతసేపు? కొత్త పెల్లెట్ వేసినప్పుడు మొదటి 15 షాట్లు లెక్కలోకి తీసుకోవద్దు, గొట్టంలో పాత పొర పోయి కొత్తది కుదురుకోవాలి. ఆ తర్వాత రైఫిల్‌ను గట్టిగా ఆనించి, పది షాట్ల చొప్పున మూడు కార్డులు కొట్టండి. చెదిరిన షాటు మీ చెయ్యి వల్లేనని కొట్టెయ్యకుండా మూడూ కలిపి చూడండి. గ్రూపు (దెబ్బలు పడ్డ కన్నాల గుంపు) నిలువుగా సాగితే బరువు, వేగం తేడా. నలువైపులా చెదిరితే తోక అంచులు చూడండి.

పార్సిల్ విప్పేటప్పుడే వీడియో తియ్యండి, స్టిక్కర్ గీకిన చోటు దగ్గరగా చూపించండి. డబ్బు తిరిగివ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. బిల్లు లేకపోయినా డబ్బు పంపిన రసీదు, చాటింగ్ పనికొస్తాయి. ఆ తెల్లపొడిని మాత్రం నోటితో ఊదొద్దు, అది సీసం, విషం. తడిగుడ్డతో తుడిచి, సబ్బుతో చేతులు కడుక్కుని, డబ్బాను చిన్నపిల్లలకు అందకుండా పెట్టండి.