ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్ బిళ్ళ) రోజూ వేసుకోవాలా వద్దా, వేసుకుంటే 75 మిల్లీగ్రాములదా 150దా, లేక రక్తం గడ్డ కట్టకుండా చూసే ఇంకో మందు క్లోపిడోగ్రెలా? ఏది మేలు?

మా ఇంట్లో ఒకే బిళ్ళ ఇద్దరు వేసుకునేవాళ్ళు. మా పెదనాన్నకి 2019లో గుండెపోటొచ్చి గుంటూరు కొత్తపేటలో స్టెంట్ వేశారు, అప్పట్నించి డాక్టర్ రాసిన ఎకోస్ప్రిన్ 75 మానకుండా వేసుకుంటున్నారు. మా నాన్నకి 71, బీపీ తప్ప ఏమీ లేదు, కానీ అన్నయ్యకి వచ్చింది కదా నాకూ వస్తుందేమోనని భయపడి చీటీ లేకుండానే మందుల షాపులో అడిగి అదే కొనుక్కుని ఏడాదిన్నర వేసుకున్నాడు, స్ట్రిప్ ఒక టీ ఖరీదు కూడా ఉండదు కాబట్టి ఎవరం పట్టించుకోలేదు.

మధ్యలో మోకాళ్ళ నొప్పులకి డైక్లోఫినాక్ కూడా. నాలుగు రోజులు మోషన్ తారులా నల్లగా, జిగటగా వస్తుంటే ఎవరికీ చెప్పలేదు. అమ్మే కనిపెట్టింది, మేడ మెట్లు సగం ఎక్కి రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయాడు, "ఏమయ్యా, మొహం అలా తెల్లగా పాలిపోయిందేంటి" అంది. హిమోగ్లోబిన్ 6.8. ఎండోస్కోపీలో కడుపులో పుండు, అందులోంచి రక్తం కారుతోంది. రెండు బాటిళ్ళ రక్తం ఎక్కించారు.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది వేసుకోవాలా వద్దా అనే. ఆస్పిరిన్ రక్తంలో ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చేస్తుంది, ఒకసారి దాని దెబ్బ తగిలిన ప్లేట్‌లెట్ బతికున్నన్ని రోజులు, అంటే వారం పది రోజులు, మళ్ళీ మామూలుగా పనిచేయదు. స్టెంట్ ఉన్నవాళ్ళకి, గుండెపోటు వచ్చినవాళ్ళకి, గడ్డ వల్ల పక్షవాతం వచ్చినవాళ్ళకి మళ్ళీ గడ్డ కట్టకుండా ఇదే కాపాడుతుంది, ఇక్కడ లాభం ఎక్కువ నష్టం తక్కువ, పెదనాన్న విషయంలో నాకు రెండో ఆలోచనే లేదు. కానీ జబ్బే లేనివాళ్ళకి? 2018లో వచ్చిన ఆస్ప్రీ అనే పరిశోధనలో ఆస్ట్రేలియా, అమెరికాల్లో గుండె జబ్బు లేని 19,114 మందిని చూశారు, ఎక్కువమంది 70 దాటినవాళ్ళే, సగం మందికి రోజూ 100 మిల్లీగ్రాములు, మిగతా సగానికి మందు లేని ఉత్తుత్తి బిళ్ళ. దాదాపు ఐదేళ్ళకి గుండె జబ్బులు చెప్పుకోదగ్గంత తగ్గలేదు, పెద్ద బ్లీడింగ్ మాత్రం 2.8 శాతం నుంచి 3.8కి పెరిగింది. షుగర్ ఉన్నవాళ్ళ మీద అదే ఏడాది వచ్చిన ఇంకో పరిశోధనలో గుండెకి కాస్త మేలు కనిపించింది కానీ బ్లీడింగ్ కూడా దాదాపు అంతే పెరిగింది. 2022లో అమెరికా నిపుణుల కమిటీ కూడా జబ్బు లేనివాళ్ళు 60 దాటాక కొత్తగా మొదలుపెట్టొద్దని చెప్పింది. మా నాన్న లాంటివాళ్ళకి వేసుకోకపోవడమే మేలని నా గట్టి నమ్మకం, ఆ శ్రద్ధేదో బీపీ మీద పెట్టాలి.

ఇక 75ఆ 150ఆ. డోసు పెంచితే గుండెకి రక్షణ పెరుగుతుందనుకుంటారు చాలామంది. 2021లో గుండె జబ్బున్న 15 వేల మందిలో 81 మిల్లీగ్రాముల్ని 325తో పోల్చి చూస్తే పెద్ద తేడా ఏమీ రాలేదు. డాక్టర్ ప్రత్యేకంగా 150 రాస్తే సరే, మనంతట మనం పెంచుకోకూడదు. పైన కోటింగ్ ఉంది కదా కడుపుకేం కాదు అనే మాట కూడా నమ్మొద్దు, బిళ్ళ కడుపులో కరక్కపోయినా రక్తంలో కలిశాక కడుపు పొరని కాపాడే పదార్థాల్ని అదే తగ్గించేస్తుంది, మా నాన్న వేసుకున్నదీ కోటింగ్ బిళ్ళే.

క్లోపిడోగ్రెల్ సంగతి కొంచెం వేరు. 1996లో 19 వేల మందికి పైగా పేషెంట్లలో ఆస్పిరిన్‌తో పోలిస్తే ఏడాదికి గుండెపోటు, పక్షవాతం లాంటివి 5.83 నుంచి 5.32 శాతానికి తగ్గాయి, కడుపులో బ్లీడింగ్ కూడా కాస్త తక్కువే. అంటే మేలే, కానీ చిన్న మేలు. ఆస్పిరిన్ పడనివాళ్ళకి మంచి దారి. దాంతోపాటు గ్యాస్ బిళ్ళ వేసుకునేవాళ్ళు ఒమెప్రజోల్ అయితే క్లోపిడోగ్రెల్ పని తగ్గుతుంది, పాంటొప్రజోల్‌కి ఆ ఇబ్బంది తక్కువ, డాక్టర్‌ని అడగండి. స్టెంట్ కొత్తగా వేసినప్పుడు రెండూ కలిపి కొన్ని నెలలు ఇస్తారు, అప్పుడు ఏది మేలు అనే ప్రశ్నే లేదు, ఒక్కటి సొంతంగా మానినా స్టెంట్‌లో గడ్డ కట్టొచ్చు. పెదనాన్న పన్ను పీకించుకోవడానికి ఎకోస్ప్రిన్ ఆపేద్దామనుకుంటే గుండె డాక్టర్ అక్కర్లేదన్నారు, దూది కాసేపు ఎక్కువ నొక్కి పట్టుకుంటే సరిపోయింది.

ఛాతీలో నొప్పొస్తే 108కి ఫోన్ చేసి, వాళ్ళు చెబితే 75వి నాలుగు నమిలి మింగడం వేరే విషయం, అది ప్రాణం నిలబెడుతుంది. మూతి వంకరపోయి చెయ్యి పడిపోతే మాత్రం ఇవ్వొద్దు, మెదడులో రక్తం కారుతోందో గడ్డ కట్టిందో స్కాన్ తీస్తేగానీ తెలీదు. వానాకాలం డెంగ్యూ రోజుల్లో జ్వరానికి డిస్ప్రిన్ కూడా వద్దు, అదీ ఆస్పిరినే, పారాసిటమాల్ చాలు. రోజూ ఎకోస్ప్రిన్ వేసుకునేవాళ్ళకి జ్వరం వస్తే ఆ రోజే డాక్టర్‌కి చెప్పాలి.

నాన్న ఇప్పుడు బీపీ బిళ్ళ ఒక్కటే వేసుకుంటున్నాడు, పొద్దున్నే అరగంట నడుస్తున్నాడు. పోయిన నెల హిమోగ్లోబిన్ 12.4 వచ్చింది.