నా 944 టర్బోకి వేయించిన హైబ్రిడ్ టర్బో, వేస్ట్‌గేట్, చిప్పులు: పద్నాలుగు నెలలు నడిపాక రాస్తున్న రివ్యూ

మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. కారు 1986 మోడల్ పోర్షే 944 టర్బో, ఎర్రది, 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్, ఇంజన్ ముందు గేర్‌బాక్స్ వెనక, కంపెనీ నుంచి వచ్చినప్పుడు 217 హార్స్ పవర్. నా దగ్గరికొచ్చి ఐదేళ్ళయింది. టర్బో అంటే ఎగ్జాస్ట్ గాలి బలంతో తిరిగి ఇంజన్‌లోకి గాలి ఎక్కువ తోసేది, హైబ్రిడ్ అంటే బయట పాతదే ఉంచి లోపల వీల్స్ మార్చినది, వేస్ట్‌గేట్ అంటే ఆ ఎగ్జాస్ట్‌లో కొంత పక్కకి వదిలి టర్బోని అదుపులో పెట్టే వాల్వు, చిప్పులు బండి కంప్యూటర్లలో పెట్టేవి. ఒక చిన్న షాపు వాళ్ళు సొంతంగా తయారుచేసిన టర్బో, వేస్ట్‌గేట్, చిప్పుల సెట్టు దీనికి వేయించి పద్నాలుగు నెలలు, ఏడు వేల మైళ్ళు తిరిగింది, రెండు టెక్సాస్ ఎండాకాలాలు చూసింది, క్రెసన్ దగ్గరున్న ట్రాక్ మీద నాలుగు రోజులు గట్టిగా తొక్కాను. వేసిన వారానికే రాసే రివ్యూల మీద నాకు నమ్మకం లేదు, టర్బో బండిలో అసలు సంగతి ఎండాకాలం వస్తేనే తెలుస్తుంది, అందుకే ఇన్నాళ్ళు ఆగాను.

షాపు పేరు రాయట్లేదు. ఉన్నది ఇద్దరే మనుషులు, ఇప్పటికే ఆర్డర్లు నెలల తరబడి వెనకపడి ఉన్నాయి, ఉత్తినే ధర కనుక్కోడానికి ఫోన్లు చేస్తే వాళ్ళకి పని సాగదు. ఈ కారు నిజంగా ఉండి పని చేయించుకుందాం అనుకునేవాళ్ళు అడిగితే చెప్తాను.

ముందు ఈ బండికున్న అసలు ఇబ్బంది చెప్పాలి, లేకపోతే వాళ్ళు చేసిన పని విలువ అర్థం కాదు. 944 టర్బోలో ఎగ్జాస్ట్ ఇంజన్‌కి కుడివైపు వస్తుంది, టర్బో ఏమో ఎడమవైపు ఉంటుంది. మధ్యలో క్రాస్ఓవర్ పైపు అని ఒకటి ఇంజన్ వెనకాల కిందగా తిరిగి అటు నుంచి ఇటు వస్తుంది. టర్బో తిరిగేదే ఆ వేడి గాలి బలంతో కదా, అంత దూరం వచ్చేసరికి కొంత వేడి దారిలోనే పోతుంది. పోర్షే వాళ్ళకి ఇది తెలుసు, అందుకే సిలిండర్ హెడ్‌లో ఎగ్జాస్ట్ పోర్టుల (పొగ బయటికొచ్చే దారులు) లోపల సిరామిక్ తొడుగులు పెట్టారు, వేడి హెడ్‌లోకి పోకుండా టర్బో దాకా వెళ్ళాలని. అయినా 3000 ఆర్పీఎం లోపు బండి మామూలుగా ఉండి, దాటాక ఒక్కసారి వెనక నుంచి ఎవరో తోసినట్టు అందుకుంటుంది. ఆ తోపు కోసమే చాలామంది ఈ కారు కొంటారు, నేనూ అంతే. కానీ రోజూ నడిపేవాడికి, ట్రాక్‌లో మూల తిరిగి బయటికొచ్చేటప్పుడు, ఆ ఎదురుచూపు ప్రాణం తీస్తుంది.

నాలుగేళ్ళ కింద ఇదే బాధ పోతుందని వేరేచోట ఆన్‌లైన్‌లో ఒక పెద్ద టర్బో కిట్టు కొని వేయించాను. కాగితం మీద 350 హార్స్ పవర్ అని రాసుంది. వేశాక బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) పూర్తిగా రావడానికి 4300 ఆర్పీఎం దాకా ఆగాల్సి వచ్చేది, వచ్చాక కూడా ఎండలో నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి పేలడం), దాన్ని ఆపడానికి కంప్యూటర్ స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగేసేది, మొత్తానికి పాత టర్బో కన్నా నెమ్మదిగా పోయేది. ఎనిమిది నెలలు ఓపిక పట్టి తీసేశాను. అది నా డబ్బు పోయిన కథ, ఇక్కడితో వదిలేస్తా, కానీ ఆ దెబ్బ తిన్నాను కాబట్టే ఈసారి ఫోన్‌లో ప్రశ్నలు ఎక్కువ అడిగాను.

అడుగుదామని చేస్తే, నేను నోరు తెరవకముందే షాపాయనే నన్ను అడగడం మొదలుపెట్టాడు. కంప్రెషన్ ఎంత, లీక్‌డౌన్ టెస్టు (సిలిండర్‌లోంచి గాలి కారుతుందేమో చూసేది) చేయించావా, టైమింగ్ బెల్టు బ్యాలెన్స్ షాఫ్ట్ బెల్టు ఎప్పుడు మార్చావు (ఈ ఇంజన్‌లో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి), రెండో సిలిండర్ కనెక్టింగ్ రాడ్ బేరింగ్ చూశావా అని. ఈ ఇంజన్లకి ఆ రెండో రాడ్ బేరింగే బలహీనం, ట్రాక్ మీద పొడుగు మలుపుల్లో ఆయిల్ అందక అరిగేది అదే. ఇవేవీ తెలియకుండా టర్బో అమ్మనని తెగేసి చెప్పాడు. మా పెదనాన్నది విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపుల షాపు, ఆయన కూడా అచ్చం ఇంతే, లారీ వచ్చి పంపు సెట్టింగ్ పెంచమంటే ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి చూసేవాడు, రింగులు పోయిన ఇంజన్‌కి పంపు పెంచితే పొగ పెరుగుతుంది గానీ పికప్ పెరగదు రా అనేవాడు. అందుకే ఈయన మాట నాకు వెంటనే పట్టింది.

షాపాయన చెప్పినట్టు స్మోక్ టెస్టు (గొట్టాల్లోకి పొగ పంపి లీకులు వెతికేది) చేయిస్తే ఎన్ని చోట్ల గాలి కారుతుందో చూసి నాకు మతిపోయింది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద సన్నటి వాక్యూమ్ గొట్టాలు ఉంటాయి, అవి 1986 నుంచి మార్చినట్టు లేదు, వేలితో నొక్కితే బిస్కట్‌లాగా విరిగిపోయాయి. ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) పైపు క్లాంపు ఒకటి వదులు. పాత వేస్ట్‌గేట్ అసలు పూర్తిగా మూసుకోవట్లేదు. ఇవన్నీ బాగుచేసి, కొత్త టర్బో జోలికి ఇంకా పోకుండానే డైనో (పవర్ కొలిచే మెషీన్) మీద పెడితే చక్రాల దగ్గర 163 హార్స్ పవర్ ఉన్నది 184కి వచ్చింది (చక్రాల దగ్గర కొలిస్తే ఇంజన్ దగ్గర కన్నా తక్కువే వస్తుంది). అంటే కంపెనీ ఇచ్చిన పవర్ నా బండిలో ఎప్పుడో దారిపొడుగునా కారిపోతోందన్నమాట. ఈ సలహాకి ఆయన ఒక్క డాలర్ తీసుకోలేదు.

ఇక పార్టుల సంగతి. బయట నుంచి చూస్తే టర్బో, కంపెనీ నుంచి వచ్చిన పాత కేకేకే కే26 (కేకేకే తయారీదారు, కే26 మోడల్) లాగే ఉంటుంది, ఆయిల్ పైపులు, నీళ్ళ పైపులు, క్రాస్ఓవర్ ఫ్లాంజ్ అన్నీ పాతచోటే కూర్చుంటాయి. లోపల కంప్రెసర్ వీల్ (గాలిని తోసేది), టర్బైన్ వీల్ (ఎగ్జాస్ట్ తిప్పేది) రెండూ మార్చారు. నీళ్ళ పైపులు అలాగే ఉంచడం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే ఈ కారులో బండి ఆపేశాక కూడా ఒక చిన్న ఎలక్ట్రిక్ పంపు తిరుగుతూ టర్బోకి నీళ్ళు పంపిస్తుంది, బేరింగ్ దగ్గర ఆయిల్ మాడి బొగ్గు అవకుండా. చాలా కిట్లు ఇది పీకేస్తాయి. నలభై ఏళ్ళ కింద పోర్షే ఇంజనీర్లు ఆలోచించి పెట్టినదాన్ని తీసేయడానికి గట్టి కారణం ఉండాలి కదా.

వాళ్ళు ఇది ఎలా తయారుచేశారో విన్నాకే డబ్బు కట్టాను. సొంత 944 టర్బోలు రెండు ఉన్నాయి, వాటి మీద మూడు రకాల టర్బైన్ వీల్స్ పెట్టి చూశారట. టర్బోకి ముందు, తర్వాత ఉష్ణోగ్రత సెన్సార్లు, టర్బైన్‌కి ముందు ఎగ్జాస్ట్ ప్రెషర్ ఎంత ఉందో కొలిచే సెన్సార్ ఒకటి. బూస్ట్ ఎంత వస్తోంది అని అందరూ చూస్తారు, కానీ ఆ బూస్ట్ తయారవడానికి ఎగ్జాస్ట్ వైపు ఎంత ప్రెషర్ ఎదురు తంతోంది అన్నది చూసేవాళ్ళు తక్కువ. ఎదురు ప్రెషర్ ఎక్కువైతే కాలిన వేడి గాలి సిలిండర్‌లోనే కొంత మిగిలిపోతుంది, అదే నాకింగ్‌కి దారి. మూడింట్లో పెద్ద వీల్ ఎక్కువ ఆర్పీఎంలో 20 హార్స్ పవర్ ఎక్కువ ఇచ్చింది కానీ బూస్ట్ 400 ఆర్పీఎం ఆలస్యంగా వచ్చింది, అందుకని దాన్ని పక్కన పెట్టేసి మధ్యది తీసుకున్నారు. అమ్ముకోడానికి పెద్ద నంబరు చేతిలో ఉండి కూడా వదిలేశారు చూడండి, నా రివ్యూ మొత్తానికి కారణం ఆ ఒక్క నిర్ణయమే.

వేస్ట్‌గేట్ డ్యూయల్ పోర్ట్. పాతదాంట్లో స్ప్రింగ్ ఒక్కటే వాల్వుని మూసి పట్టుకోవాలి, బూస్ట్ పెరిగే కొద్దీ కింద నుంచి తోస్తుంటే వాల్వు ముందుగానే కొంచెం కొంచెం తెరుచుకుంటుంది, టర్బోకి పోవాల్సిన గాలి సైలెన్సర్ వైపు పారిపోతుంది. కొత్తదాంట్లో డయాఫ్రమ్ (వాల్వుని కదిపే పలచటి పొర) పై భాగానికి కూడా ప్రెషర్ ఇస్తారు, కావాల్సిన బూస్ట్ వచ్చేదాకా గట్టిగా మూసే ఉంటుంది. నా లెక్కలో బండి తొందరగా అందుకోవడంలో సగం పుణ్యం దీనిదే.

చిప్పులు రెండు. ఈ కారుకి రెండు కంప్యూటర్లు, ఒకటి డీఎంఈ, పెట్రోల్ ఇగ్నిషన్ చూస్తుంది, రెండోది కేఎల్ఆర్, బూస్ట్ కంట్రోల్ చేస్తూ నాకింగ్ వింటూ ఉంటుంది, నాక్ వినపడితే టైమింగ్ వెనక్కి లాగుతుంది. 1986కి ఇది చాలా తెలివైన ఏర్పాటు. వీళ్ళు కేఎల్ఆర్‌ని మోసం చేయకుండా, దాని పని దాన్ని చేసుకోనిస్తూ కొత్త టర్బోకి తగ్గట్టు మ్యాపులు (పెట్రోల్, టైమింగ్, బూస్ట్ ఎంతుండాలో చెప్పే లెక్కల పట్టికలు) రాశారు. ఇంజన్‌లోకి పోయే గాలిని కొలిచే పాత తలుపు రకం ఎయిర్ ఫ్లో మీటర్ పూర్తిగా తెరుచుకుపోయాక ఇంక కొలవలేదు కాబట్టి దాని బదులు మాఫ్ సెన్సార్ (తలుపు లేకుండా గాలిని కొలిచేది), పెట్రోల్ ప్రెషర్ 2.5 బార్ బదులు 3 బార్ రెగ్యులేటర్ కూడా సెట్టులోనే ఇచ్చారు. నా బండిలో వైడ్‌బ్యాండ్ సెన్సార్ (గాలి, పెట్రోల్ పాళ్ళు చూపించేది) పెట్టించి, 93 ఆక్టేన్ పెట్రోల్ మీద తీసిన లాగులు (నడుపుతున్నప్పుడు సెన్సార్ల రికార్డులు) పంపిస్తే రెండుసార్లు మ్యాపు సరిచేసి కొత్త చిప్పులు పోస్టులో పంపారు, మళ్ళీ డబ్బులు అడగలేదు.

ఇప్పుడు 15 పీఎస్ఐ బూస్ట్ మీద చక్రాల దగ్గర 266 హార్స్ పవర్. బూస్ట్ పూర్తిగా రావడం 3400 ఆర్పీఎం నుంచి 2950కి దిగింది. నంబర్లు పక్కన పెడితే, డాలస్ నార్త్ టోల్‌వే ఎక్కేటప్పుడు ఇంతకుముందు మూడో గేర్ నుంచి రెండుకి దించాల్సి వచ్చేది, ఇప్పుడు మూడులోనే కాలు పెడితే చాలు, ఆ పాత తోపు అలాగే ఉంది కానీ పిలవగానే వస్తుంది. 105 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో ట్రాక్ మీద ఇరవై నిమిషాల సెషన్లు మూడు తిప్పాను, రికార్డులో చూస్తే కేఎల్ఆర్ టైమింగ్ వెనక్కి లాగింది ఒకే ఒక్కసారి, అదీ సెషన్ చివర్లో. పాత కిట్టుతో ఇదే ట్రాక్‌లో రెండో ల్యాపుకే లాగేది.

బాగోనివి కూడా ఉన్నాయి. ఆరు వారాలన్నారు, చేతికొచ్చేసరికి నాలుగు నెలలు, మధ్యలో మనం అడిగితే తప్ప కబురు లేదు. ఫిట్టింగ్ కాగితాల్లో ఒక్క ఫోటో కూడా లేదు, వేస్ట్‌గేట్ గొట్టాలు ఏది పైకి ఏది కిందికి అన్నది మా మెకానిక్ షాపుకి ఫోన్ చేసి అడగాల్సి వచ్చింది, అవి తారుమారైతే బూస్ట్ ఆగకుండా ఎక్కేస్తుంది, అంత ముఖ్యమైనదానికి బొమ్మ వేయకపోవడం తప్పే. టర్బో సపోర్ట్ బ్రాకెట్ రంధ్రం ఒకటి కలవక ఆకురాయి పెట్టి రుద్దాం. ధర మొత్తం కలిపి నాలుగు వేల డాలర్లు దాటింది, పాత టర్బో వెనక్కి పంపాక కూడా. ఇంకో ఖర్చు వాళ్ళ తప్పు కాదు గానీ లెక్కలో పెట్టుకోండి, పాత రబ్బర్ సెంటర్ క్లచ్ ఈ టార్క్‌కి మూడో నెలలో జారడం మొదలుపెట్టింది, ఈ కారుకి క్లచ్ అంటే వెనక గేర్‌బాక్స్, మధ్యలో టార్క్ ట్యూబ్ (ముందున్న ఇంజన్‌నీ వెనకున్న గేర్‌బాక్స్‌నీ కలిపే గొట్టం) అన్నీ కదిలించాలి, కూలీయే పార్టు కన్నా ఎక్కువ. ముందే తెలిస్తే రెండూ ఒకేసారి చేయించేవాణ్ణి.

టెక్సాస్‌లో 24 ఏళ్ళు దాటిన బండికి కాలుష్యం టెస్టు లేదు కాబట్టి నాకు చిక్కు రాలేదు. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్ళు మాత్రం జాగ్రత్త, అక్కడ 1976 మోడల్ నుంచి స్మాగ్ టెస్టు (అదే కాలుష్యం టెస్టు) ఉంది, మాఫ్ సెన్సార్ కంటితో చూసే తనిఖీలోనే పట్టుకోవచ్చు, కొనే ముందు అది తేల్చుకోండి.

అయిదుకి నాలుగున్నర ఇస్తున్నా, ఆ అర తగ్గింది కాగితాల కోసం, కబురు లేని ఆ నెలల కోసం. 1988 టర్బో ఎస్ గానీ 1989 మోడల్ గానీ ఉన్నవాళ్ళకి కంపెనీ నుంచే కొంచెం పెద్ద కే26/8 టర్బో, 247 హార్స్ పవర్ వచ్చాయి. నా మాటలు కే26/6 ఉన్న పాత మోడల్‌కి వర్తిస్తాయి. ఎస్‌కి వేరే వీల్ పెట్టి ఇప్పుడు టెస్ట్ చేస్తున్నారట, ఎప్పుడు అమ్ముతారు అని అడిగితే ఒక ఎండాకాలం గడవనివ్వమన్నాడు.