తిరుపతిలో ఇంటి వర్క్‌షాపుకి బెంచ్ మిల్లింగ్ మిషన్: ఏది కొనాలి, ఎలా బిగించాలి

తిరిగే కట్టర్ కింద లోహపు ముక్కని జరిపి కోసేది మిల్లింగ్ మిషన్. సీగ్ కంపెనీ ఎక్స్2, అదే అచ్చులో రకరకాల పేర్లతో అమ్ముతున్న చిన్న మిల్లింగ్ మిషన్లు సుమారు 50–60 కిలోలుంటాయి. ఇద్దరు పట్టుకుంటే మేడ ఎక్కించొచ్చు. మామూలు 230 వోల్టుల ప్లగ్గు చాలు. అల్యూమినియం, ఇత్తడి పనికి చాలా బాగుంటాయి. తొందరపెట్టకపోతే ఎంఎస్ (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము) కూడా కోస్తాయి. అయితే పెట్టెలో వచ్చేది సగం తయారైన మిషనే. మిగతా సగం మన చేతుల్లో ఉంటుంది.

పాత మోడల్‌లో 350 వాట్ల బ్రష్ మోటారు, ప్లాస్టిక్ గేర్లు ఉంటాయి. కట్టర్ ఇరుక్కుందంటే ముందు పోయేది ఆ గేరు పళ్లే. బ్రష్‌లెస్ మోటారు, బెల్టు ఉన్నదే తీసుకోండి. స్పిండిల్ (కట్టర్‌ని తిప్పే ఇరుసు) కొసలో కట్టర్ కూర్చునే సాకెట్ ఎంటీ3 రకం కన్నా ఆర్8 రకం మేలు. ఆర్8లో డ్రాబార్ (పైనుంచి బిగించే పొడుగు బోల్టు) వదులు చేసి చిన్నగా తడితే కోలెట్ (కట్టర్‌ని పట్టుకునే గొట్టం) ఊడొస్తుంది. ఎంటీ3 పట్టేస్తుంది. దాన్ని ఊడదీయడానికి ప్రతిసారీ సుత్తి దెబ్బలు వేస్తుంటే బేరింగులు నలుగుతాయి. పక్కకి వాలే కాలమ్ (మోటారు, స్పిండిల్‌ని మోసే నిలువు స్తంభం) ఒకే పెద్ద నట్టు మీద ఆధారపడుతుంది, ఆ వదులంతా కోతలో కనిపిస్తుంది. కదలని కాలమ్ మోడలే కొనండి. ఏటవాలు కోత కావాలంటే జాబ్‌నే (కోసే ముక్కనే) వైస్‌లో వాల్చి పట్టొచ్చు.

బిగించేటప్పుడు మొదటి పని శుభ్రం చేయడం. బెడ్ మీది ఎర్రటి గ్రీజు తుప్పు పట్టకుండా పూసింది, నూనె కాదు. అందులో పోత పోసినప్పటి ఇసుక, రజను కూడా ఉంటాయి. టేబుల్ ఊడదీసి డీజిల్‌తో కడిగి, 68 గ్రేడ్ స్లైడ్‌వే ఆయిల్ రాయాలి. తర్వాత గిబ్ స్క్రూలు (టేబుల్ జారే గాడిలో వదులు తగ్గించేవి): టేబుల్‌ని చేత్తో ఊపితే ఆట తెలియకూడదు, హ్యాండిల్ మాత్రం ఒకే బరువుతో తిరగాలి. కింద పెట్టడానికి కుప్పం గ్రానైట్ ముక్క బాగా పనికొస్తుంది, మన జిల్లాల్లో పాలిష్ యూనిట్ల దగ్గర తేలిగ్గా దొరుకుతుంది. రసమట్టం పెట్టి సరిచేసి, నాలుగు బోల్టులూ సమంగా బిగించండి. ఒక మూల ఎత్తుగా ఉంటే బిగింపుకి బేస్ మెలిపడుతుంది.

అసలు పని కాలమ్‌ని టేబుల్‌కి నిట్టనిలువుగా నిలపడం. డయల్ గేజ్‌ని (సన్న తేడాని ముల్లుతో చూపే కొలత సాధనం) స్పిండిల్‌కి కట్టి, చేత్తో తిప్పుతూ టేబుల్‌కి కుడి ఎడమలా చూడండి. 150 మిల్లీమీటర్లకి తేడా 0.02 లోపు ఉంటే చాలు. కాలమ్ నాలుగు బోల్టుల మీద నిలబడే మోడల్‌లో, ముల్లు ఎక్కువ చూపించిన వైపు బోల్టుల కిందే షిమ్ (పలచటి రేకు) పెట్టాలి. లెక్క సులువు: 150కి 0.06 తేడా వచ్చి, కాలమ్ బోల్టుల మధ్య దూరం 100 ఉంటే షిమ్ 0.04. ముందూ వెనకా కూడా ఇంతే. ఇది వదిలేస్తే ఫేసింగ్ (పైముఖం చదును) చేసిన ప్రతిచోటా మెట్లు తేలతాయి. ఆ తర్వాతే వైస్ దవడని గేజ్‌తో సరిచేయాలి.

ఎంఎస్‌కి 10 మిల్లీమీటర్ల హెచ్ఎస్ఎస్ (హైస్పీడ్ స్టీల్) ఎండ్ మిల్ కట్టర్ అయితే 800 ఆర్పీఎం, స్లాట్ లోతు ఒక్కో పాస్‌కి అర మిల్లీమీటరు మించొద్దు. జాబ్‌ని కట్టర్ తిరుగుడుకి ఎదురుగానే తోయండి. టేబుల్ జరిపే స్క్రూలో 0.1–0.2 మిల్లీమీటర్ల ఆట మామూలే. కట్టర్ తిరిగే వైపే తోస్తే అది టేబుల్‌ని గబుక్కున లాక్కుంటుంది, ఎండ్ మిల్ విరుగుతుంది. కోసేటప్పుడు కదలని రెండు దిక్కులకీ లాక్ వేయాలి. డ్రిల్ చక్‌లో ఎండ్ మిల్ పెట్టడం ప్రమాదం. అడ్డ ఒత్తిడికి చక్ వదులైపోతుంది, కట్టర్ కిందికి జారి జాబ్‌లో దిగబడుతుంది.

డబ్బంతా మిషన్‌కే పెట్టేయొద్దు. వైస్, కోలెట్లు, డయల్ గేజ్, క్లాంపులు కలిపితే చిన్న ఖర్చేమీ కాదు. వాటికి చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గరి సెంబుదాస్ వీధి మంచి చోటు. ఎండ్ మిల్లులు చేత్తో పట్టుకుని చూసి కొనొచ్చు. టీ నట్లు (టేబుల్ గాడిలో కూర్చుని క్లాంపుల్ని పట్టేవి) మాత్రం స్లాట్ కొలిచి రేణిగుంట వైపు టర్నర్‌తో చేయించుకోండి.

స్పీడ్ కంట్రోల్ బోర్డు సున్నితమైనది. ఎర్తింగ్ గట్టిగా ఉండాలి, వేసవిలో ఎర్త్ గుంత ఎండిపోతుంది కాబట్టి నీళ్లు పోయాలి. డబ్బు కట్టేముందే ఆ బోర్డు విడిగా దొరుకుతుందా అని అమ్మేవాళ్లని అడిగి, బిల్లు మీద రాయించుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో టేబుల్ మీద నూనె గుడ్డ కప్పి ఉంచండి. వైస్ కింద చెమ్మ చేరుతుంది, దాన్ని కూడా అప్పుడప్పుడూ ఎత్తి తుడవాలి.