పర్సెల్, మోరిన్ ‘ఎలక్ట్రిసిటీ అండ్ మాగ్నెటిజం’: అయస్కాంతం చివర్లో వచ్చే పుస్తకం

అయస్కాంత బలం అసలు ఎందుకు పుడుతుందో తెలుసుకోవాలనుకునే డిగ్రీ, ఎమ్మెస్సీ విద్యార్థులూ, ఇంటర్‌కి పాఠం చెప్పే లెక్చరర్లూ ఈ పుస్తకం తప్పకుండా కొనండి.

పాత పుస్తకాలు దండాయస్కాంతంతో మొదలయ్యేవి. రెండు ధ్రువాలు, వాటి మధ్య విలోమ వర్గ నియమం, యూనిట్ ధ్రువం మీద పనిచేసే బలమే క్షేత్రం. 1873 నాటి మాక్స్‌వెల్ గ్రంథం కూడా అయస్కాంతత్వాన్ని ధ్రువాలతోనే మొదలుపెట్టి తర్వాత కరెంట్‌కి వస్తుంది. మన ల్యాబుల్లో డిఫ్లెక్షన్ మాగ్నెటోమీటర్‌తో (అయస్కాంతం దగ్గర దిక్సూచి ముల్లు ఎంత తిరిగిందో కొలిచే పరికరం) చేయించిన టాన్ ఎ, టాన్ బి ప్రయోగాలదీ అదే దారి. లెక్కలు చక్కగానే వచ్చేవి, కానీ విడి ధ్రువం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు, అలాంటిదాని మీద పాఠమంతా కట్టడం నాకు నచ్చదు. ఇప్పటి ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకం కరెంట్ పోతున్న తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదులుతుందని చూపిన 1820 నాటి ఆయిర్‌స్టెడ్ ప్రయోగంతో మొదలుపెట్టడం చాలా మేలు, అయినా కరెంట్ వల్ల పుట్టే క్షేత్రాన్ని లెక్కగట్టే బయో-సవర్ట్ నియమాన్ని మాత్రం ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పకుండా ఇచ్చేస్తుంది.

అమెరికా భౌతిక శాస్త్రవేత్త పర్సెల్ 1965లో బర్క్‌లీ ఫిజిక్స్ కోర్సు కోసం రాసినప్పుడు వరసే మార్చేశాడు. ముందు నిలకడగా ఉన్న ఆవేశాలు, ఐదో అధ్యాయంలో సాపేక్షతా సిద్ధాంతంతో కదిలే ఆవేశాలు. కరెంట్ పోతున్న తీగకి మన దృష్టిలో నికర ఆవేశం లేదు, కానీ దాని పక్కనే ఎలక్ట్రాన్లతో పాటు కదిలే ఆవేశం వైపు నుంచి చూస్తే పొడవుల సంకోచం వల్ల (కదిలేదాని పొడవు, కదిలే దిశలో తగ్గినట్టు కొలతకి రావడం) ప్లస్, మైనస్ సాంద్రతలు సమానంగా ఉండవు, కాబట్టి తీగ దాన్ని లాగుతుంది లేదా తోస్తుంది. మనం అయస్కాంత బలం అంటున్నది అదే! ఇళ్లలోని రాగి తీగల్లో ఎలక్ట్రాన్ల డ్రిఫ్ట్ వేగం (కరెంట్‌గా అవి సగటున ముందుకు జరిగే వేగం) మామూలుగా సెకనుకి మిల్లీమీటరు కూడా ఉండదు, అంత నెమ్మదికి సాపేక్షత ఏం చేస్తుంది అనిపిస్తుంది కదా, కానీ ఘనపు మీటరు రాగిలో దాదాపు 8.5×10²⁸ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లున్నాయి, వాటి విద్యుత్ బలాలన్నీ ప్లస్ ఆవేశాల బలాలతో రద్దయిపోయాక మిగిలే ఆ కాస్తే మోటార్లు తిప్పుతోంది. శాశ్వత అయస్కాంతాలు పదకొండో అధ్యాయంలో, ఎలక్ట్రాన్ స్పిన్‌తో (ఎలక్ట్రాన్‌ని చిన్న అయస్కాంతంలా చేసే దాని సహజ గుణం) కలిసి వస్తాయి.

సాపేక్షత కొత్తవాళ్లకి కష్టమే. చివర అనుబంధం ఉంది గానీ అదొక్కటే చాలదు, ముందు వేరేచోట చదువుకుని రండి. ఎంట్రన్స్ పరీక్షల స్పీడ్ లెక్కలకైతే ఇది వద్దు.

కొంటే 2013 నాటి మూడో ఎడిషన్ కొనండి. మోరిన్ దాన్ని ఎస్ఐ యూనిట్లలోకి మార్చి, ప్రాబ్లమ్స్‌కి పూర్తి సాధనలు ఇచ్చాడు. చవగ్గా దొరికిందని పాత ఎడిషన్ తెచ్చుకుంటే అది సీజీఎస్‌లో (సెంటీమీటరు, గ్రాము, సెకను మీద కట్టిన పాత యూనిట్లు) ఉంటుంది, సూత్రాల్లో కాంతి వేగం అదనంగా కనిపిస్తుంది, క్లాసు నోట్సుతో పోల్చుకునేటప్పుడు టెన్షన్ తప్పదు.