పక్క పట్టీలకు నూటికి నూరు, వెల్క్రోకు సున్నా: వెన్ను ఆపరేషన్ తర్వాత నా నడుం బెల్టు

ఈ బెల్టు గురించి చెప్పాలంటే ముందు దాని పక్క పట్టీల గురించే చెప్పాలి. మిగతాదంతా మామూలే. వెనకాల వంచిన రేకులు, ముందు వెడల్పాటి వెల్క్రో, ఏ కంపెనీదైనా ఇంతే. రుయా, స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులు దగ్గర దగ్గరగా ఉన్న ఊరు మాది, తిరుపతిలో ఏ సర్జికల్ షాపులో అడిగినా ఇలాంటివి నాలుగైదు రకాలు తీసి ముందు పెడతారు. నేను కొన్నదానికి అదనంగా రెండు వైపులా ఒక్కో ఎలాస్టిక్ పట్టీ ఉంది. పెద్ద బెల్టు మూసుకున్నాక ఆ రెండింటినీ ముందుకు లాగి అతికించుకోవాలి. చూడ్డానికి చిన్న విషయం. ఆపరేషన్ తర్వాతి నెలలు నాకు ఆ రెండు పట్టీల మీదే గడిచాయి.

నాది నడుం దగ్గరి ఎల్‌4, ఎల్‌5 అనే వెన్నుపూసల దగ్గర ఎముక ముందుకు జారిన కేసు. పిరుదు నుంచి పాదం దాకా లాగే నొప్పితో బడిలో బోర్డు ముందు ఒక పీరియడ్ కూడా నిలబడలేని స్థితి వచ్చాక, స్క్రూలు, రాడ్లు వేసి రెండు ఎముకలనూ కలిపే ఆపరేషన్ చేశారు. చూడడానికి వచ్చిన చుట్టాలందరూ "స్క్రూలు పడ్డాయి కదా, ఇంకేం భయం" అన్నవాళ్లే. స్క్రూల పని ఎముకను కదలకుండా పట్టుకోవడం వరకే. మధ్యలో పెట్టిన ఎముక ముక్కలు అల్లుకుని గట్టిపడడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది కూడా దాటుతుంది. అప్పటిదాకా వంగకూడదు, బరువెత్తకూడదు, నడుం మెలితిప్పకూడదు. బిందె ఎత్తకుండా, కింద కూర్చోకుండా, పొయ్యి కింద అరలోంచి గిన్నె తీయకుండా మన ఇళ్లలో ఒక ఆడమనిషికి రోజు గడవడమంటే ఏమిటో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

బెల్టు వేసుకోవడం కూడా నేర్చుకోవలసిన పనే. మొదటి వారాల్లో పడుకునే వేసుకునేదాన్ని. మంచం మీద బెల్టు పరిచి, భుజం, నడుం, మోకాళ్లు అన్నీ ఒక్కసారిగా కట్టె దొర్లినట్టు పక్కకు తిప్పి, దాని మీదికి వచ్చి వెల్లకిలా పడుకోవాలి. రేకుల నడిమి గీత సరిగ్గా వెన్ను మీదికి వచ్చిందో లేదో మా కోడలు చెయ్యి దూర్చి చూసేది. "ఇంకొంచెం ఎడమకు రా అత్తా" అని ఆ పిల్ల అనడం, నేను జరగడం, రోజూ పొద్దున్నే ఇదే. ఊపిరి వదిలి పెద్ద పట్టీ మూసుకోవాలి. ఆ తర్వాత పక్క పట్టీలు రెండూ రెండు చేతులతో ఒకేసారి లాగాలి. ముందొకటి, తర్వాతొకటి లాగితే బెల్టు మొత్తం ఒక వైపుకు జరిగిపోయి రేకు అంచు తుంటి ఎముక మీద ఒత్తుకుంటుంది. ఈ మాట షాపులో ఎవరూ చెప్పలేదు, పెట్టెలోని కాగితంలోనూ లేదు.

కూర్చోగానే ఏ బెల్టైనా పక్కటెముకల కిందికి ఎగబాకుతుంది. పక్క పట్టీలు లేని బెల్టయితే పెద్ద వెల్క్రో ఊడదీసి మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. ఇందులో ఆ రెండు పట్టీలు తీసి రెండు వేళ్ల వెడల్పు వెనక్కి అతికిస్తే చాలు. నాలుగు ముద్దలు సంగటి తిన్నాక కూడా పొట్టకు ఊపిరాడుతుంది. లేచే ముందు మళ్లీ లాక్కోవడమే. ఎవరినీ పిలవనక్కర్లేదు. అన్నిటికీ ఒకరి మీద ఆధారపడిన ఆ రోజుల్లో, నాకు నేనుగా చేసుకోగలిగిన పని ఇదొక్కటే అనిపించి ప్రాణం లేచి వచ్చేది.

అసలు ఈ పట్టీల విలువ నాకు చూపించింది ఫిజియోథెరపీ అబ్బాయి. కుట్లు మానాక ఒకరోజు జేబులోంచి బాల్‌పెన్ను తీసి, ఎలాస్టిక్ మీద వేలెడు దూరంలో ఒక్కో గీత చొప్పున వరసగా గీశాడు. "ఇప్పుడు ఈ చివరి గీత దాకా లాగుతున్నారు కదమ్మా. వచ్చే వారం నడిచాక కాలు లాగకపోతే దీని ముందు గీతకు రండి. లాగితే ఇక్కడే ఉండండి, తొందరేం లేదు" అన్నాడు. వెన్నెముకను ఆనుకుని మల్టీఫిడస్ అనే కండరం ఉంటుందట. వెనక నుంచి కోసి చేసే ఇలాంటి ఆపరేషన్లో దాన్ని పక్కకు తప్పించి లోపలికి వెళ్లాలి. అది మళ్లీ పని అందుకోవాలంటే పని పెట్టాలి. బెల్టు ఎంత వదులైతే అంత పని కండరానికి పడుతుంది. ఆ లెక్క నాకు బాగా నచ్చింది. డాక్టరు ఫైల్లో ఏముందో మనకు అర్థం కాదు. నేను ఎంత బాగయ్యానో చూసుకోవాలంటే ఆ నీలం గీతలు చాలు.

గీత మారాలంటే నడక ఒక్కటే దారి. ఆసుపత్రి మంచం మీద పాదాలు పైకీ కిందికీ ఆడించడంతో మొదలై, వాకరు పట్టుకుని వరండా, ఆ తర్వాత మా వీధి, ఆ తర్వాత కపిలతీర్థం రోడ్డు. ఇంట్లో పడుకుని పొట్ట లోపలికి బిగించడం, కొన్ని నెలలయ్యాక డాక్టరు సరేనన్నాక మోకాళ్లు మడిచి నడుం కాస్త పైకి లేపడం. ఒకరోజు బాగా నడిచి రెండు రోజులు పడుకోవడం కంటే రోజూ కొంచెం నడవడమే పనికొస్తుంది. నొప్పి పెరిగిన వారం ఒక గీత వెనక్కి పోయి మళ్లీ గట్టిగా లాక్కునేదాన్ని. అలా రెండు మూడు సార్లు జరిగినప్పుడు ఏడుపొచ్చింది. అందరికీ అలాగే ముందుకూ వెనక్కీ అవుతుందని ఆ అబ్బాయి చెబితే నమ్మాను.

ఇక ఎండలు. రోహిణి కార్తెలో మా తిరుపతిలో ఈ బెల్టు కట్టుకుని తిరగడం నరకమే. రేకుల కింద మెత్త చెమటకు తడిసి ముద్దయిపోతుంది. లోపల పల్చటి కాటన్ బనియన్ లేకుండా కట్టుకుంటే కుట్టు మచ్చ చుట్టూ చెమటకాయలు లేస్తాయి. చీర కట్టేవాళ్లకు ఇంకో మాట. లంగా బొందు ముడి వెనక్కో నడిమికో వస్తే బెల్టు కింద గుచ్చుకుంటుంది. ముడి పక్కకు జరుపుకోవాలి, లేదా నాలాగా ఎలాస్టిక్ లంగాలు కుట్టించుకోవాలి. కుచ్చిళ్ల మీద బెల్టు కడితే నిలవదు. నేను బెల్టు లోపల కట్టుకుని పైన చీర చుట్టుకునేదాన్ని, బయటికి వెళ్లినప్పుడు ఎక్కువగా చుడీదారే.

ఇప్పుడు వెల్క్రో సంగతి. ఇది రాయడానికే అసలు కూర్చున్నాను.

చిత్తూరులో మా ఆడబిడ్డ మనవరాలి బారసాలకు బస్సులో వెళ్లాం. అంతసేపు కూర్చోవడానికి డాక్టరు ఒప్పుకున్నాకే వెళ్లాం. దారిలో బస్సు ఆగిన చోటల్లా లేచి నిలబడ్డాను. చంద్రగిరి, పూతలపట్టు దాటి చిత్తూరు బస్టాండులో దిగబోతూ, ముందు సీటు కమ్మీ పట్టుకుని లేచాను. చర్రుమని చప్పుడు. పొట్ట మీద పెద్ద పట్టీ మొత్తం విడిపోయింది. అతికిస్తే అతుకుతుంది, ఊపిరి పీల్చగానే ఊడిపోతుంది. పక్క పట్టీలు ఎంత లాగినా లాభం లేదు, ఎందుకంటే అవి అతుక్కోవలసింది ఆ పెద్ద పట్టీ మీదే. కింది అతుకు పోతే పైవి గాలిలో వేలాడతాయి. ఇన్నాళ్లూ నేను మురిసిపోయిన పట్టీల కింద ఆధారం ఇంత బలహీనంగా ఉందని ఆ క్షణంలో అర్థమై ఒళ్లంతా చెమటలు పట్టాయి.

మా ఇంటాయన భుజం మీది తుండు తీసి బెల్టు పైనుంచి చుట్టి ముడి వేశారు. వెనక దిగాల్సిన జనం తొందరపెడుతున్నారు. కండక్టరు మాత్రం "పెద్దామె నిదానంగా దిగనీండబ్బా" అని అందరినీ ఆపాడు. మెట్లు ఒక్కొక్కటే దిగాను. ఆటో స్టాండు దాకా నడవాలి. తుండు ఏ మాత్రం పట్టు ఇవ్వడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. పది అడుగులు వేశాక ఆగి చూసుకున్నాను. కాలు లాగలేదు. నడుం ఒరగలేదు. పొట్ట లోపలికి బిగించి, ఇంట్లో నేర్చుకున్నట్టే ఊపిరి తీస్తూ నడిచాను. ఆటో ఎక్కాక మా ఆయన "నొప్పా?" అని అడిగితే లేదన్నాను, ఆయన నమ్మలేదు. నిజంగానే లేదు. అన్ని నెలలు వరండాలో, కపిలతీర్థం రోడ్డులో వేసిన అడుగులు ఆ రోజు నన్ను నిలబెట్టాయి. బారసాలలో ఊయల దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుని, మధ్యమధ్యలో లేచి తిరుగుతూ మధ్యాహ్నం దాకా ఉన్నాను.

తిరిగొచ్చాక వెల్క్రోను వెలుతురులో పెట్టి చూశాను. గరుకు వైపున బనియన్ నూలు, చీర పోగులు, పౌడరు అట్టకట్టుకుపోయి కొక్కేలు కనబడనే లేదు. పిన్నీసుతో అదంతా లాగేశాక చూస్తే సగం కొక్కేలు వంగి, చదునైపోయి ఉన్నాయి. రోజుకు పదిసార్లు తీసి వేసే వస్తువుకు ఇంత నాసిరకం వెల్క్రో వేయడం అన్యాయం. ఆపరేషన్ అయిన మనిషి పొట్ట మీద ఊడితే ఏమవుతుందో తయారుచేసేవాళ్లు ఆలోచించరా? షాపుకు తీసుకెళితే "వాడిన బెల్టు వాపసు తీసుకోమమ్మా, వెల్క్రోకు గ్యారంటీ లేదు" అన్నారు. ఉతికే ముందు వెల్క్రో మూసి ఉంచాలనీ, రేకులు తీసేయాలనీ, నీడలో ఆరేయాలనీ అప్పుడు చెప్పారు. అమ్మేటప్పుడు చెప్పాల్సిన మాటలు అవి.

గాంధీ రోడ్డు వైపు బ్యాగులు కుట్టే ఒకాయన దాన్ని బాగుచేశాడు. పాత గరుకు పట్టీ ఊడదీసి, దానికంటే రెట్టింపు వెడల్పున్నది పెట్టి, చుట్టూ ఒక వరస, అడ్డంగా ఇంకో వరస నైలాను దారంతో కుట్టాడు. కొత్త బెల్టు ధరతో పోలిస్తే ఆయన తీసుకున్నది చాలా తక్కువ. ఆ తర్వాత ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఊడలేదు. వారానికోసారి పాత టూత్‌బ్రష్‌తో గరుకు వైపు దులుపుతున్నాను.

మొదట్లో ఇంటికొచ్చిన వాళ్లందరికీ "ఈ బెల్టే నన్ను నడిపిస్తోంది" అని చెప్పేదాన్ని. ఇప్పుడు అంత మాట అనను. తర్వాత ఎక్స్‌రే చూపించడానికి వెళ్లినప్పుడు బస్టాండు సంగతి చెబితే, ఇంట్లో బెల్టు తీసేయవచ్చన్నారు డాక్టరుగారు. ఇలా ఎముకలు కలిపే ఆపరేషన్ (ఫ్యూజన్) తర్వాత బెల్టు కట్టినా కట్టకపోయినా ఫలితంలో పెద్ద తేడా లేదని తేల్చిన అధ్యయనాలు కూడా ఉన్నాయనీ, అందుకే సర్జన్లందరూ రాయరనీ అన్నారు. నాకు మాత్రం మొదటి నెలల్లో ఇది ధైర్యాన్నిచ్చింది, వంగబోతే రేకు తగిలి గుర్తుచేసేది, గీతలు చూసుకుంటూ ఓపిక పట్టగలిగాను. ఆ మేరకు దీనికి రుణపడి ఉన్నాను.

మరి కొనొచ్చా అంటే, నా సంగతి బట్టి చెబుతాను. నాది ఒక్క చోట చేసిన ఆపరేషన్, మనిషిని బక్కపలుచన, షుగరు లేదు, ఇంట్లో కోడలు ఉంది, బడికి సెలవు దొరికింది. రెండు మూడు చోట్ల చేసినవాళ్లకు, ఎముక గుల్లబారినవాళ్లకు గట్టి రకం రాస్తారు, వాళ్లు డాక్టరును అడక్కుండా ఇది కొనకూడదు. పొట్ట ఉన్నవాళ్లకు పక్క పట్టీలు చాలినంత ముందుకు రావు, కట్టి చూశాకే తీసుకోండి. షాపులోనే కూర్చుని లేచి చూడండి, వెల్క్రోను నాలుగుసార్లు గట్టిగా లాగి చూడండి. పక్క పట్టీలు లేనిదైతే నేనైతే తీసుకోను.

ప్రస్తుతం బస్సు ప్రయాణాలకే కడుతున్నాను, అదీ అన్నిటికంటే వదులు గీత దగ్గర. పొద్దున నడక బెల్టు లేకుండానే, అలిపిరి పాదాల మండపం దాకా వెళ్లి వస్తున్నాను. అక్కడి నుంచి కొండకు 3,550 మెట్లు. మెట్లకు డాక్టరుగారు ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఈ పట్టీలు ఏమాత్రం పనికొచ్చాయో మళ్లీ రాస్తాను.